హార్డు డిస్కుల ప్రతిబింబనం

హార్డు డిస్కుల ప్రతిబింబనం అనగా ఒకే కంప్యూటరులోని రెండు హార్డు డిస్కులపై ఒకే సమాచారాన్ని ఏకకాలంలో వ్రాయించి, వాటిలో ఒకటి చెడిపోయినా రెండవదానితో పని ఆగకుండా సాగేటట్లు చేసే ఏర్పాటు. సాంకేతిక పరిభాషలో దీనిని రైడ్-1 అని, వాడుకలో మిర్రరింగ్ అని అంటారు. బ్యాంకులు, టెలిఫోను సంస్థలు వాడే పెద్ద కంప్యూటర్లలో మొదలైన ఈ పద్ధతి, 2000 దశకంలో డిస్కుల ధరలు తగ్గిన తరువాత ఇళ్ళలోని కంప్యూటర్లకు కూడా వచ్చింది.

హైదరాబాదులో ఇటువంటి ఏర్పాటు అవసరమైన ఇళ్ళు ఎక్కువగా ఉండే ప్రాంతాలలో తార్నాక ఒకటి. దీనికి ఒకవైపు వెయ్యి ఎకరాలకు పైబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణం, దానిని ఆనుకొని ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయం, జాతీయ పోషకాహార సంస్థ ఉన్నాయి. మరొకవైపు ఉప్పల్ రోడ్డు వెంబడి ఐ.ఐ.సి.టి., సి.సి.ఎం.బి., ఎన్.జి.ఆర్.ఐ. పరిశోధనాలయాలు కలవు. సగం వ్రాసిన సిద్ధాంత గ్రంథం, ప్రయోగశాల నుండి తెచ్చుకున్న కొలతలు, స్కాను చేసిన పాత తెలుగు పుస్తకాలు, పిల్లల ఫోటోలు అన్నీ ఒకే డిస్కులో ఉండటం ఇటువంటి ఇళ్ళలో సాధారణం. అందుచేత ఈ వ్యాసంలో పెద్ద సంస్థల పద్ధతుల కంటె ఇంటి అమరికకే ప్రాధాన్యం ఇవ్వబడినది.

పేరు

ప్రతిబింబం అనే మాట కొంత తప్పుదారి పట్టిస్తుంది. అద్దంలోని బొమ్మకు అసలు మనిషి ఒకడు ఉంటాడు. అతను తొలగిపోతే బొమ్మ కూడా పోతుంది. ఇక్కడ అసలు, నకలు అనే భేదం లేదు. రెండు డిస్కులూ సమానమైనవే, ఏది పోయినా రెండవది నిలుస్తుంది. కవల డిస్కులు అనడం అర్థానికి దగ్గరగా ఉండేది. డిజిటల్ ఎక్విప్‌మెంట్ సంస్థ తన వాక్స్ కంప్యూటర్లలో ఇదే పద్ధతిని "నీడ" అనే అర్థం వచ్చే షాడోయింగ్ అనే పేరుతో పిలిచేది. లోకంలో నిలిచినది మాత్రం అద్దమే.

రైడ్ అనే సంక్షిప్త నామానికి మొదట "చవక డిస్కుల అదనపు వరుస" అని అర్థం ఉండేది. డిస్కులు అమ్మే సంస్థలకు చవక అనే మాట రుచించక, తరువాతి కాలంలో దానిని "స్వతంత్ర డిస్కుల" అని మార్చి వాడసాగాయి. ఆంగ్లంలో రెండు మాటలూ ఒకే అక్షరంతో మొదలవుతాయి కనుక సంక్షిప్త నామం మారలేదు.

చరిత్ర

జంట డిస్కులపై ఒకే సమాచారం వ్రాయడం రైడ్ అనే పేరు కంటె పాతది. అమెరికాలో 1974లో స్థాపించబడిన టాండెం కంప్యూటర్స్ సంస్థ, 1976లో విడుదల చేసిన నాన్‌స్టాప్ యంత్రాలలో ప్రతి భాగానికీ ఒక జంటను ఉంచింది. డిస్కులు కూడా అందులో భాగమే. ఐ.బి.ఎం. ఉద్యోగి నార్మన్ కెన్ ఔచీకి 1978లో లభించిన పేటెంటులో కూడా ప్రతిబింబన పద్ధతి ప్రస్తావన ఉన్నది.

1988లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్‌లీ ప్రాంగణానికి చెందిన డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, రాండీ కాట్జ్ ఒక పరిశోధనా పత్రం ప్రచురించారు. ఖరీదైన ఒక పెద్ద డిస్కుకు బదులుగా, వ్యక్తిగత కంప్యూటర్లలో వాడే చిన్న డిస్కులను అనేకం కలిపి వాడవచ్చునని వారి వాదన. అయితే డిస్కుల సంఖ్య పెరిగేకొద్దీ వాటిలో ఏదో ఒకటి చెడిపోయే అవకాశం కూడా పెరుగుతుంది. దానిని తట్టుకొనుటకు వారు ఐదు అంచెలు ప్రతిపాదించారు. వాటిలో మొదటిది అప్పటికే వాడుకలో ఉన్న ప్రతిబింబనం. రైడ్-1 అనే పేరులోని ఒకటి అంకె అక్కడి నుండే వచ్చింది. అదే సంవత్సరం డైనా బిట్టన్, జిమ్ గ్రే కలిసి ప్రతిబింబిత డిస్కుల వేగం మీద మరొక పత్రం ప్రచురించారు.

కార్యాలయాలలో దీనికి ప్రచారం తెచ్చినది నొవెల్ సంస్థవారి నెట్‌వేర్. విండోస్ ఎన్.టి. సర్వరులోనూ ఈ సౌకర్యం ఉండేది. లినక్సులో దీని కోసం వాడే ఎండీఆడ్మ్ అనే ఉపకరణాన్ని 2001లో నీల్ బ్రౌన్ రూపొందించాడు. 2004 తరువాత ఇంటెల్ చిప్‌సెట్లు ఉన్న కొన్ని మదరుబోర్డులలోనే ఈ ఏర్పాటు రావడంతో, ఇంటి కంప్యూటరు కొనేవారు కూడా ఆ పేరు వినసాగారు.

పనిచేసే విధానం

ఫైలును భద్రపరచమని నిర్వాహక వ్యవస్థ ఆదేశించినపుడు, మధ్యనున్న ఒక పొర ఆ ఆదేశాన్ని రెండు డిస్కులకూ పంపుతుంది. రెండు డిస్కులూ వ్రాయడం పూర్తయినదని తెలిపిన తరువాతనే పని పూర్తయినట్లు లెక్క. కనుక వ్రాత వేగం రెండింటిలో నెమ్మదైన డిస్కు వేగాన్ని మించదు. చదవడం మాత్రం ఏ డిస్కు నుండైనా చేయవచ్చును. ఒకేసారి రెండు పనులు జరుగుతున్నపుడు ఒకటి మొదటి డిస్కు నుండి, మరొకటి రెండవ డిస్కు నుండి చదవడం వలన కొంత లాభం కలుగుతుంది. ఒకే పెద్ద ఫైలును చదివేటప్పుడు ఆ లాభం సాధారణంగా కనిపించదు.

ఒక్కొక్కటి 1 టెరాబైటు గల రెండు డిస్కులను జత చేస్తే లభించేది 1 టెరాబైటు మాత్రమే. డిస్కులు అసమానంగా ఉంటే చిన్నదాని పరిమాణమే జతకు పరిమాణం. 1 టెరాబైటు అని అమ్మే రెండు వేర్వేరు తయారీదారుల డిస్కుల మధ్య కొన్ని మెగాబైట్ల తేడా ఉండవచ్చును. కొత్తగా కొన్న డిస్కు పాతదానికంటె కొద్దిగా చిన్నదైతే అది జతలో చేరదు. ఈ కారణం చేత అనుభవజ్ఞులు డిస్కు చివర 100 మెగాబైట్ల వరకు ఖాళీగా వదలి, మిగిలిన భాగాన్ని మాత్రమే విభాగంగా చేస్తారు. తక్కువ శ్రమతో చేయగలిగి, తరువాత చేయడం చాలా కష్టమైన పనులలో ఇది ఒకటి.

రెండు డిస్కులను మొదటిసారి సమం చేయడానికి కొంత సమయం పడుతుంది. సెకనుకు 100 మెగాబైట్ల వేగంతో 1 టెరాబైటు నకలు చేయుటకు సుమారు 2 గంటల 45 నిమిషాలు కావలెను. 4 టెరాబైట్ల డిస్కుకు, సగటు వేగం 150 మెగాబైట్లు అనుకున్నా, 7 గంటలకు పైగా పడుతుంది. ఆ సమయంలో కంప్యూటరును మామూలుగా వాడుకోవచ్చును. కాని అప్పటికి రక్షణ ఇంకా ఏర్పడలేదని గుర్తుంచుకోవాలి.

ఎంతవరకు రక్షణ

డిస్కుల మన్నికపై 2007లో ఒకే సదస్సులో రెండు ముఖ్యమైన పత్రాలు వెలువడ్డాయి. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయానికి చెందిన బియాంకా ష్రోడర్, గార్త్ గిబ్సన్ సుమారు లక్ష డిస్కుల వివరాలు పరిశీలించారు. తయారీదారుల పత్రాల ప్రకారం ఏడాదికి చెడిపోవలసిన డిస్కులు 0.88 శాతానికి మించరాదు. వాస్తవంలో 2 నుండి 4 శాతం వరకు మార్చవలసి రావడం సాధారణమని, కొన్ని చోట్ల అది 13 శాతం వరకు ఉన్నదని వారు తేల్చారు. రెండవ పత్రం గూగుల్ సంస్థవారిది. లక్షకు పైగా డిస్కులను గమనించిన ఆ పరిశోధకులు, చెడిపోయిన డిస్కులలో 36 శాతానికి పైగా ముందుగా ఎటువంటి హెచ్చరికా ఇవ్వలేదని వ్రాశారు. స్మార్ట్ అనే స్వీయ పరీక్షా విధానం డిస్కులలో ఉన్నది. దానిని చూసుకోవడం మంచిదే గాని, అది మౌనంగా ఉన్నంత మాత్రాన డిస్కు ఆరోగ్యంగా ఉన్నదని చెప్పడానికి వీలులేదు.

ఒక డిస్కు ఏడాదిలో చెడిపోయే అవకాశం 3 శాతం అనుకుంటే, జతలో ఏదో ఒకటి చెడిపోయే అవకాశం సుమారు 6 శాతం. అంటే జత పెట్టుకున్నవారికి డిస్కు చెడిపోవడమనే అనుభవం రెట్టింపు తరచుగా కలుగుతుంది. చెడినదానిని వారం రోజులలో మార్చితే, ఆ వారంలో రెండవది కూడా పోయే అవకాశం అతి స్వల్పం. మొత్తం మీద ఏడాదిలో సమాచారం పోయే అవకాశం సుమారు 29 వేలలో ఒకటి. అదే డిస్కు చెడిన సంగతి ఆరు నెలల పాటు ఎవరూ గమనించకపోతే, ఆ అవకాశం సుమారు 1,100లో ఒకటిగా మారుతుంది. ఒంటరి డిస్కుతో పోల్చితే ఇది కూడా మేలే. కాని గమనించకపోవడం వలన రక్షణ ఇరవై ఆరు రెట్లు తగ్గినది. జత డిస్కుల విషయంలో అసలు ప్రమాదం ఇదే. ఒక డిస్కు పోయినా కంప్యూటరు ఏమీ జరగనట్లు పనిచేస్తూనే ఉంటుంది, యజమాని తనకు రక్షణ ఉన్నదని నమ్ముతూనే ఉంటాడు.

పై లెక్కలో ఒక డిస్కు పోవడానికీ రెండవది పోవడానికీ సంబంధం లేదని భావించబడినది. వాస్తవంలో ఒకే రోజు ఒకే దుకాణంలో కొన్న రెండు డిస్కులు ఒకే తయారీ వరుసకు చెంది ఉంటాయి, ఒకే పెట్టెలో ఒకే వేడిని భరిస్తాయి, ఒకే విద్యుత్ సరఫరాపై ఆధారపడతాయి. ఘనస్థితి డిస్కులలో, అంటే ఎస్.ఎస్.డి.లలో, ఈ సమస్య మరింత స్పష్టం. రెండింటిపైనా సరిగ్గా ఒకే పరిమాణంలో వ్రాత జరుగుతుంది కనుక రెండూ ఒకే సమయానికి అరిగిపోవచ్చును. 2019 నవంబరులో హ్యూలెట్ ప్యాకర్డ్ ఎంటర్‌ప్రైజ్ సంస్థ తన కొన్ని ఎస్.ఎస్.డి.లు సరిగ్గా 32,768 గంటలు పనిచేసిన తరువాత శాశ్వతంగా ఆగిపోతాయని, అంతర్గత సాఫ్టువేరును వెంటనే మార్చుకొనవలెనని ప్రకటించింది. అంటే 3 సంవత్సరాల 270 రోజుల 8 గంటలు. ఒకే రోజు అమర్చిన జంటకు ప్రతిబింబనం వలన అక్కడ ప్రయోజనం ఏమీ లేదు.

అందుచేత రెండు డిస్కులను వేర్వేరు తయారీదారుల నుండి గాని, కనీసం కొంత ఎడంతో గాని కొనడం మంచిది. తార్నాక వాసులు కంప్యూటరు విడిభాగాల కోసం చాలాకాలంగా ఆశ్రయించేది సికింద్రాబాదు పార్క్ లేన్ ప్రాంతంలోని చెనాయ్ ట్రేడ్ సెంటర్. సి.టి.సి. అంటే అందరికీ తెలుస్తుంది. అక్కడ ఒకే భవనంలో అనేక దుకాణాలు ఉన్నందున, ఒక డిస్కు ఒకచోట, రెండవది మరొకచోట కొనడం కష్టం కాదు. వారంటీ గురించి ఒక మాట. వారంటీ క్రింద తయారీదారు ఇచ్చేది మరొక డిస్కు మాత్రమే, అందులోని సమాచారం కాదు. 2011లో థాయిలాండ్ వరదలలో డిస్కుల కర్మాగారాలు మునిగినపుడు ప్రపంచమంతటా డిస్కుల ధరలు పెరిగి, కొరత ఏర్పడింది. చెడిన డిస్కుకు బదులు దొరకడం ఆలస్యమైతే జత అంతకాలమూ ఒంటికాలిపై నిలిచి ఉండవలసినదే.

ఏర్పాటులో రకాలు

ఇంటి కంప్యూటరులో ప్రతిబింబనాన్ని నాలుగు విధాలుగా ఏర్పాటు చేయవచ్చును. ప్రత్యేకమైన కార్డు కొని అమర్చడం మొదటిది. ఇది ఖరీదైనది, పైగా కార్డు చెడిపోతే అటువంటి కార్డే మళ్ళీ దొరకాలి. మదరుబోర్డులోని సౌకర్యాన్ని వాడటం రెండవది. ఇందులో అసలు పని చేసేది డ్రైవరు సాఫ్టువేరే అయినందున దీనిని కొందరు హేళనగా నకిలీ రైడ్ అంటారు. ఐదేళ్ళ తరువాత మదరుబోర్డు కాలిపోతే, అదే జాతి బోర్డు కోసం వెదకవలసి రావచ్చును.

మూడవది నిర్వాహక వ్యవస్థలోని సౌకర్యం. నాల్గవది జెడ్.ఎఫ్.ఎస్., బీటీఆర్.ఎఫ్.ఎస్. వంటి ఫైలు వ్యవస్థలు. సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థ 2005లో బహిరంగపరచిన జెడ్.ఎఫ్.ఎస్., 2009లో లినక్సులో చేరిన బీటీఆర్.ఎఫ్.ఎస్., ప్రతి ముక్కకూ ఒక సరిచూపు సంఖ్యను వేరుగా భద్రపరుస్తాయి. దీని ప్రయోజనం గొప్పది. మామూలు జతలో ఒక డిస్కు ఒక అక్షరాన్ని తప్పుగా చదివి, తప్పని చెప్పకుండా ఇస్తే, రెండు ప్రతులలో ఏది నిజమో తేల్చే మార్గం లేదు. సరిచూపు సంఖ్య ఉన్నపుడు ఏ ప్రతి చెడినదో తెలిసిపోతుంది, మంచి ప్రతి నుండి చెడినది దిద్దబడుతుంది. కొత్తగా ఏర్పాటు చేసుకొనేవారికి, కొంత నేర్చుకొనే ఓపిక ఉంటే, నాల్గవ పద్ధతి ఉత్తమం. ఇంటిలో అమర్చుకొనే రెండు డిస్కుల నెట్‌వర్కు పెట్టెలలో కూడా లోపల ఉండేది సాధారణంగా లినక్సే.

లినక్సులో అమరిక

ఖాళీగా ఉన్న రెండు కొత్త డిస్కులు ఉంటే పని సులభం. రెండింటిపైనా సమానమైన విభాగాలు చేసి, ఎండీఆడ్మ్ ఆదేశంతో మొదటి అంచె జతగా ప్రకటించి, దానిపై ఫైలు వ్యవస్థను నిర్మిస్తే సరిపోతుంది. సాధారణంగా ఎదురయ్యే పరిస్థితి అది కాదు. ఇంటిలో అప్పటికే నిండుగా ఉన్న ఒక డిస్కు ఉంటుంది, దానికి జతగా కొత్తది కొంటారు. సమాచారాన్ని పోగొట్టుకొనే సంఘటనలు ఎక్కువగా జరిగేది ఇక్కడనే. పాత డిస్కునూ కొత్త డిస్కునూ నేరుగా జత చేయమంటే, సమం చేసే క్రమంలో ఖాళీ డిస్కు నిండు డిస్కుపై నకలు కావచ్చును.

దీనికి ఒక చక్కని ఉపాయం కలదు. జతను ప్రకటించేటప్పుడు ఒక సభ్యుడుగా కొత్త డిస్కును, రెండవ సభ్యుని స్థానంలో లేదు అనే అర్థం గల మిస్సింగ్ అనే మాటను ఇవ్వవచ్చును. అప్పుడు ఒకే డిస్కుతో కూడిన అసంపూర్ణ జత ఏర్పడుతుంది. దానిపై ఫైలు వ్యవస్థను నిర్మించి, పాత డిస్కులోని ఫైళ్ళన్నిటినీ దానిలోకి నకలు చేయాలి. నకలు సరిగా వచ్చినదో లేదో సరిచూచుకోవాలి. కొన్ని ఫైళ్ళు తెరచి చూడటం చాలదు, రెండు వైపులా సరిచూపు సంఖ్యలు తీసి పోల్చడం మేలు. ఆ తరువాతనే పాత డిస్కును జతకు చేర్చాలి. చేర్చిన క్షణం నుండి పాత డిస్కులోని సమాచారం చెరిగిపోయి, కొత్త డిస్కు ప్రతి దానిపైకి వస్తుంది. ఈ పని మొదలుపెట్టే ముందు మూడవ చోట ఒక నకలు ఉండి తీరాలి. సమం చేసే ఆ కొన్ని గంటలు సమాచారమంతా ఒకే ఒక కొత్త డిస్కుపై నిలిచి ఉంటుంది.

కంప్యూటరు మొదలయ్యే విభాగం విషయంలో తరచుగా ఒక పొరపాటు జరుగుతుంది. ఫైళ్ళన్నీ జతగా ఉంటాయి గాని, యంత్రాన్ని లేపే చిన్న ప్రోగ్రాము ఒకే డిస్కుపై ఉంటుంది. ఆ డిస్కే పోయినపుడు, సమాచారం భద్రంగా ఉన్నా కంప్యూటరు లేవదు. బూటు లోడరును రెండు డిస్కులపైనా వేయాలి. ఆపై కంప్యూటరును ఆపి, మొదటి డిస్కు తీగ ఊడదీసి ఒకసారి, దానిని తిరిగి చేర్చి సమం అయిన తరువాత రెండవదాని తీగ ఊడదీసి మరొకసారి లేపి చూడాలి. ఈ పరీక్ష చేయని జత, ఎన్నడూ నడిపి చూడని స్పేరు టైరు వంటిది.

జత పరిస్థితిని తెలుసుకొనుటకు లినక్సులో ఎండీస్టాట్ అనే ఫైలును చూడాలి. అందులో రెండు సభ్యులూ ఉంటే రెండు యు అక్షరాలు కనిపిస్తాయి. ఒకటి పోతే దాని స్థానంలో క్రింది గీత కనిపిస్తుంది. దానిని రోజూ ఎవరూ చూడరు కనుక, డిస్కు పోయినపుడు ఈమెయిలు పంపే ఏర్పాటు చేసుకొని, పరీక్షా ఉత్తరం ఒకటి పంపించుకొని చూడాలి. డెబియన్ లినక్సులో ప్రతి నెల మొదటి ఆదివారం రెండు డిస్కులనూ మొదటి నుండి చివరి వరకు పోల్చి చూసే ఏర్పాటు ఉన్నది. ఏళ్ళ తరబడి ఎవరూ తెరవని ఫైలు ఉన్న చోట డిస్కు పాడైతే, అది ఇటువంటి పరిశీలనలోనే బయటపడుతుంది.

ఇంటి కంప్యూటర్ల కోసం అమ్మే డిస్కులలో ఒక ప్రత్యేకత గమనించదగినది. చదవడం కష్టమైన చోట అవి పట్టువదలక చాలాసేపు ప్రయత్నిస్తాయి. ఒంటరి డిస్కుకు అది మంచి గుణమే. జతలో మాత్రం, రెండవ డిస్కు నుండి వెంటనే తెచ్చుకోగలిగిన సమాచారం కోసం అంతసేపు ఆగడం అనవసరం. లినక్సు సాధారణంగా 30 సెకనులు చూసి, డిస్కు స్పందించలేదని భావిస్తుంది. ఒక చిన్న మచ్చ కారణంగా బాగున్న డిస్కు జత నుండి వెలివేయబడటం ఈ విధంగా జరుగుతుంది.

విండోస్‌లో

విండోస్ 2000, విండోస్ ఎక్స్.పి. కాలంలో ప్రతిబింబనం సర్వరు రకాలకు మాత్రమే పరిమితమై ఉండేది. విండోస్ 7 ప్రొఫెషనల్, దానికి పై రకాలలో ఈ సౌకర్యం ఇవ్వబడినది. డిస్కు మేనేజ్‌మెంటు తెరలో డిస్కులను డైనమిక్ రకానికి మార్చి, విభాగానికి ప్రతిబింబం చేర్చమని కోరాలి. 2012లో వచ్చిన విండోస్ 8 నుండి స్టోరేజ్ స్పేసెస్ అనే మరొక పద్ధతి వచ్చింది. కొత్త డిస్కులకు ఇది సులభమైనది. కాని ఇందులో చేర్చే డిస్కులపై అప్పటివరకు ఉన్న సమాచారం చెరిగిపోతుంది.

డిస్కు చెడిపోయినపుడు

చెడిన డిస్కును గుర్తించి తీసివేయడం చూడటానికి చిన్న పని. కాని పెట్టె తెరిచిన తరువాత కనిపించేవి ఒకే రకమైన రెండు డిస్కులు. పొరపాటున మంచి డిస్కును తీసివేసి, చెడినదానిని ఉంచినవారు అనేకులు. ప్రతి డిస్కుకూ ఒక క్రమ సంఖ్య ఉంటుంది. అది లేబులుపై ముద్రించి ఉంటుంది, సాఫ్టువేరులోనూ కనిపిస్తుంది. జతను ఏర్పాటు చేసిన రోజుననే ఆ సంఖ్యలను కాగితంపై వ్రాసి పెట్టె లోపల అంటించడం తెలివైన పని.

డిస్కు మార్చడానికి ముందు, మిగిలిన డిస్కులోని ముఖ్యమైన ఫైళ్ళను వేరొక చోటికి నకలు చేయాలి. కొత్త డిస్కును సమం చేసే క్రమంలో మిగిలిన డిస్కు మొత్తం ఆసాంతం చదవబడుతుంది. ఏళ్ళ వయసున్న డిస్కుకు అది గట్టి పరీక్ష. రెండవ డిస్కు కూడా సరిగ్గా అప్పుడే పోవడం యాదృచ్ఛికం కాకపోవచ్చును. డిస్కులో ముందే ఉన్న పాడు ఆ చదువులో బయటపడుతుంది, అంతే. షింగిల్డ్ అనే రకపు డిస్కులలో పక్కపక్క వరుసలు పెంకుటిల్లు పైకప్పు వలె ఒకదానిపై ఒకటి కొంత పరచుకొని ఉంటాయి. ఎడతెగని వ్రాతలో ఇవి చాలా నెమ్మదించగలవు కనుక జతలకు వీటిని వాడకపోవడం మంచిది.

విద్యుత్తు, వేసవి

రెండు డిస్కులూ ఒకే క్షణంలో వ్రాయవు. ఒకటి వ్రాసి, రెండవది వ్రాయబోయే ఆ అతి స్వల్ప వ్యవధిలో కరెంటు పోతే రెండు ప్రతుల మధ్య తేడా ఏర్పడుతుంది. తిరిగి లేచినపుడు లినక్సు ఆ సంగతి గుర్తించి, డిస్కులను మళ్ళీ సమం చేస్తుంది. వ్రాయబోయే చోట్లను ముందుగా గుర్తుపెట్టుకొనే బిట్‌మ్యాప్ అనే ఏర్పాటు ఉంటే గంటల పని నిమిషాలలో ముగుస్తుంది. కరెంటు కోతలు తరచుగా ఉన్న సంవత్సరాలలో హైదరాబాదు ఇళ్ళలో ఇది ముఖ్యమైన విషయంగా ఉండేది. యు.పి.ఎస్. లేకుండా జత డిస్కులు పెట్టుకోవడం సగం పనియే. పైగా ఎస్.ఎం.పి.ఎస్. అనే విద్యుత్ సరఫరా పెట్టె దెబ్బతిని అధిక వోల్టేజి లోపలికి వస్తే రెండు డిస్కులూ కలిసే పోగలవు.

వేడి సంగతి అందరూ అనుకున్నంత సూటిగా లేదు. పైన పేర్కొన్న గూగుల్ పత్రంలో మామూలు ఉష్ణోగ్రతల మధ్య వేడికీ చెడిపోవడానికీ గట్టి సంబంధం కనిపించలేదు. బాగా ఎక్కువ వేడిలో, అందునా మూడేళ్ళు దాటిన డిస్కులలో మాత్రం ప్రభావం కనిపించింది. గదిలోనే 40 డిగ్రీలకు చేరువయ్యే మే నెల మధ్యాహ్నాలలో, ఫ్యాను లేని పెట్టెలో ఒకదానిపై ఒకటి ఆనుకొని ఉన్న రెండు డిస్కులు ఆ కోవలోకి వస్తాయి. వాటి మధ్య ఒక అర ఖాళీ వదలడం ఖర్చు లేని నివారణ.

ప్రతిబింబం, నకలు

ప్రతిబింబనం డిస్కు చెడిపోవడం నుండి మాత్రమే కాపాడుతుంది. ఫైలును పొరపాటున చెరిపివేస్తే, అది రెండు డిస్కులపైనా అదే క్షణంలో చెరిగిపోతుంది. వైరసు వలన గాని, ఫైళ్ళకు తాళం వేసి డబ్బు అడిగే దుష్ట సాఫ్టువేరు వలన గాని కలిగే నష్టం కూడా అట్లే. దొంగతనం, అగ్నిప్రమాదం, వరద వంటివి రెండు డిస్కులనూ కలిపే తీసుకుపోతాయి. నిన్నటి అధ్యాయాన్ని ఈనాడు పాడుచేసుకున్న పరిశోధక విద్యార్థికి కావలసినది నిన్నటి ప్రతి. జత డిస్కులలో ఉండేది ఈనాటి ప్రతి, రెండుసార్లు.

అందుచేత వేరుగా నకలు తప్పనిసరి. మూడు ప్రతులు, రెండు రకాల మాధ్యమాలు, ఒకటి ఇంటికి దూరంగా అనే నియమం ప్రచారంలో ఉన్నది. తార్నాకలో ఉండి ప్రాంగణంలో పనిచేసేవారికి దూరపు ప్రతి సమస్య కాదు. వారానికొకసారి నకలు చేసిన డిస్కును విభాగంలోని బీరువాలో ఉంచి, అక్కడ ఉన్నదానిని ఇంటికి తెచ్చుకుంటే సరిపోతుంది. డబ్బు రెండు డిస్కులకే సరిపోయే పక్షంలో, రెండవదానిని జతగా వాడటం కంటె ఈ విధంగా విడిగా వాడటమే మంచిది. ఆగకుండా పనిచేయవలసిన అవసరం ఇళ్ళలో అరుదు, పోయిన ఫైలును తిరిగి పొందవలసిన అవసరం తరచు.

ఉస్మానియా గ్రంథాలయ పుస్తకాలు

ఒకే సమాచారం రెండు చోట్ల ఉండటం వలన ఏమి మిగులుతుందో తెలుగు పాఠకులు తెలుసుకున్న సందర్భం ఒకటి ఈ ప్రాంగణానికి సంబంధించినదే. తెలుగువాడైన రాజ్ రెడ్డి కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం నుండి ప్రారంభించిన పది లక్షల పుస్తకాల పథకంలో భాగంగా, 2000 దశకంలో భారతదేశంలో అనేక గ్రంథాలయాల పుస్తకాలు స్కాను చేయబడ్డాయి. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా అనే పేరుతో అవి అంతర్జాలంలో ఉంచబడ్డాయి. హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీ ఈ పనిలో ముఖ్య కేంద్రాలలో ఒకటి. ఉస్మానియా విశ్వవిద్యాలయ గ్రంథాలయపు తెలుగు, ఉర్దూ, హిందీ, ఆంగ్ల పుస్తకాలు వేల సంఖ్యలో అందులో చేరాయి. పుస్తకం మొదట్లో యూనివర్సల్ లైబ్రరీ అనే ముద్ర, ఓ.యు. అక్షరాలతో మొదలయ్యే సంఖ్య, గ్రంథాలయపు గడువు చీటీ, బిగుతు బైండింగు అనో పేజీలు లేవనో తెలిపే హెచ్చరిక కాగితం పాత తెలుగు పుస్తకాలు దింపుకొనేవారికి చిరపరిచితాలు.

ఆ జాలస్థలి తరచుగా అందుబాటులో ఉండేది కాదు. ఒక్కొక్క పేజీనే దింపుకొనవలసి వచ్చేది కనుక, ఔత్సాహికులు అందుకోసం ప్రత్యేక ప్రోగ్రాములు వ్రాసుకొని, పుస్తకాలను తమ ఇంటి డిస్కులలో దాచుకొనేవారు. తరువాత కార్ల్ మాలముడ్ నడిపే పబ్లిక్ రిసోర్స్ సంస్థ, ఆ సంగ్రహం నుండి నాలుగు లక్షలకు పైగా పుస్తకాలను నకలు చేసి, అమెరికాలోని ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో చేర్చింది. కాపీహక్కుల అభ్యంతరాలపై కొన్ని తొలగించబడ్డాయి. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పాత జాలస్థలి ఆ తరువాత పనిచేయడం మానివేసింది. ఈనాడు ఆ తెలుగు పుస్తకాలలో చాలా భాగం చదువరులకు దొరుకుతున్నది ఆ నకలు నుండే.

ఇంటర్నెట్ ఆర్కైవ్ లోపల కూడా ప్రతి పుస్తకం జంటగా, కనీసం రెండు వేర్వేరు యంత్రాలలోని డిస్కులపై ఉంచబడుతుంది. 2024 అక్టోబరులో ఆ సంస్థపై దాడి జరిగినపుడు డిస్కులలోని పుస్తకాలు పోలేదు గాని, జాలస్థలి కొన్ని రోజులు మూతపడి, మొదట చదువుటకు మాత్రమే వీలుగా తిరిగి తెరువబడింది. ఆ రోజులలో ఆ పుస్తకాలు చదవగలిగినది వాటిని ముందే తమ డిస్కులలోకి దింపుకొన్నవారే.